“దేవుళ్ళందరూ ఒకటే”: ఈ మాట నేను మానేశాను

గత నెల మిర్యాలగూడలో మా తమ్ముడు కొత్త ఇంట్లోకి దిగాడు. వ్రతం అయిపోయింది, భోజనాలు నడుస్తున్నాయి. వడ్డించే పిల్లవాడు విస్తరిలో ప్రసాదం పెట్టబోతే మా అక్క చెయ్యి అడ్డం పెట్టి “వద్దు నాన్నా” అన్నది. పిల్లవాడు పక్క విస్తరికి జరిగిపోయాడు. విషయం అక్కడితో అయిపోయేది. కానీ ఎదురు వరుసలో కూర్చున్న మా చిన్నాన్న చూశాడు. మంచి మనిషి, ఎవరినీ నొప్పించే రకం కాదు. నలుగురిలో అది పెద్దది కాకూడదని కాబోలు, “ఎవరు ఎక్కడ మొక్కితే ఏమమ్మా, దేవుళ్ళందరూ ఒకటే. ఒక్క ముద్ద తిను” అన్నాడు.

అక్క తలెత్తి నవ్వుతూనే, “అందరూ ఒకటే అయితే మీరందరూ మా దేవుడినే మొక్కవచ్చు కదా చిన్నాన్నా, నాకూ తోడు దొరుకుతుంది” అన్నది.

చిన్నాన్న నవ్వాడు. ఆయన పక్కనున్న ఇద్దరు నవ్వారు. ఆ తర్వాత ఎవరూ నవ్వలేదు. మా తమ్ముడు చేతిలోని మజ్జిగ జగ్గు పక్కన పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు. నా భార్య అవసరం లేకపోయినా “పప్పు ఎవరికి కావాలి?” అని గట్టిగా అడిగింది.

చిన్నాన్న అన్న ఆ మాట నేను ముప్పై ఏళ్ళుగా అంటున్నాను. ప్రభుత్వ పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను కాబట్టి జీతం తీసుకుని మరీ అంటున్నాను. అక్క పదిహేనేళ్ళ కిందట క్రీస్తు విశ్వాసి అయినప్పుడు ఇంట్లో గొడవలు సర్దడానికి నేను వాడిన మందు కూడా అదే. ఆ రోజు విస్తరి ముందు కూర్చుని మొదటిసారి అటువైపు నుంచి విన్నాను. అక్కకు అది ఎలా వినిపిస్తుంది? “నువ్వు ఇంత కష్టపడి ఎంచుకున్నదానికి విలువేమీ లేదు, ఎలాగూ ఒకటే కాబట్టి మా దారిలోకే రా” అన్నట్టు. ఒకటే అన్న తర్వాత ముద్ద తినాల్సింది ఎప్పుడూ అక్కే. ఆ మాట అన్నవాళ్ళు తమ వైపునుంచి ఒక్క మెట్టు దిగిన సందర్భం నాకు గుర్తు లేదు. నేను దిగానా అంటే, నేనూ దిగలేదు.

సైదులు అనే పేరు

ఇంత తేలికగా ఆ మాటను కొట్టిపారేయలేనని నాకూ తెలుసు. నేను పుట్టిన నేల ఆ మాట మీదే నిలబడింది. మా తమ్ముడి పేరే సాక్ష్యం. నాకూ వాడికీ మధ్య అమ్మకు ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు. అప్పుడు అమ్మ జాన్‌పహాడ్ సైదులు దర్గాకు వెళ్ళి, ఈసారి బిడ్డ బతికితే ఆ పేరే పెట్టుకుంటానని మొక్కింది. అలా వాడు సైదులు అయ్యాడు. ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఏ బడి హాజరు పట్టీ తీసినా ఒక సైదులో, ఒక సైదమ్మో ఉంటారు. వారిలో ఎక్కువమంది హిందువులే. జనవరిలో ఉర్సుకు, అంటే దర్గా జాతరకు, ఆ దర్గా ఉన్న పాలకవీడు దారి పట్టే ట్రాక్టర్లు చూస్తే, కందూరు (యాటను కోసి పెట్టే మొక్కు విందు) చేసేవాళ్ళలో బొట్టు లేనివాళ్ళను వెతుక్కోవాలి. అదే సైదులు ఇప్పుడు ఏటా మాల వేస్తాడు, వీధిలో వినాయకుడి మండపానికి ముందు నిలబడతాడు, ఊళ్ళో దర్గాలకు వెళ్ళేవాళ్ళను వెక్కిరిస్తాడు. పేరు మార్చుకోరాదా అని అక్క ఒకసారి ఆటపట్టిస్తే వారం రోజులు మాట్లాడలేదు.

మా నాయన వయసులో ఉన్నప్పుడు పీర్ల పండుగకు పీరు ఎత్తినవాడే. గుండం చుట్టూ తిరిగినవాడే. మర్నాడే చెరువుగట్టు రామలింగేశ్వరుడి దగ్గరికి వెళ్ళి తలనీలాలు ఇచ్చినా ఆయనకు ఎబ్బెట్టుగా ఉండేది కాదు. అయితే ఆ కలగలుపు ఎందుకు సాగింది? నా లెక్కలో కారణం ఒకటే. అక్కడ ఎవరూ ఏదీ వదులుకోనక్కరలేదు. ఉన్న దేవుళ్ళ పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టుకుంటే సరిపోయేది. అక్క వెళ్ళిన దారి అలాంటిది కాదు. అక్కడ కొత్తది రావాలంటే పాతది పోవాలి. బొట్టు పోవాలి, ప్రసాదం పోవాలి, బతుకమ్మ చుట్టూ తిరగడం పోవాలి. కలుపుకునేవాళ్ళ సామెతను, వదులుకున్నవాళ్ళ మీద రుద్దితే అది అతకదు.

ఇది క్రైస్తవుల సంగతే అనుకోకండి. జడ్చర్ల వైపు నాకొక పాత మిత్రుడు ఉన్నాడు, ముస్లిం. వాళ్ళ నాన్న ఊళ్ళో పీర్ల కొట్టం చూసుకునేవాడు. ఆయన పోయాక పెద్దకొడుకు ఆ పని ఎత్తుకున్నాడు. చిన్నకొడుకు మతప్రచారం చేసే జమాత్‌తో తిరిగి వచ్చి, పీర్లు పట్టడం షిర్క్ (అల్లాకు ఇంకొకరిని సాటి చేసే పాపం), దర్గా దగ్గర మొక్కడం షిర్క్ అన్నాడు. ఒకే మతం, ఒకే తల్లి, ఒకే గోడకు రెండు వైపులా కాపురం. మొహర్రం పది రోజులూ అన్నదమ్ముల మధ్య మాట ఉండదట. “మీ ఇంట్లో మతాలు రెండు కాబట్టి చెప్పుకోవడానికి ఒక కారణం ఉంది. మా ఇంట్లో అదీ లేదు” అన్నాడు మిత్రుడు.

ఇక మా తమ్ముడు. వాడు తాను పాతకాలపు పద్ధతిని కాపాడుతున్నానని అనుకుంటాడు. నిజానికి వదులుకోమనడంలో అక్కకు వాడే అసలైన తోబుట్టువు. దర్గా వద్దు, పీర్లు వద్దు అంటున్నది ఆమెతోపాటు వాడే. ఆ ముక్క వాడితో అనే ధైర్యం నాకు ఇంకా రాలేదు. ఇక్కడ రాస్తున్నాను, చదివితే చదవనీ.

దుకాణం కూర

బోనాల రోజు మా ఊళ్ళో మైసమ్మకు యాటను కోస్తారు. అక్క ఆ కూర తినదు. విగ్రహాలకు అర్పించినది తినకూడదని వాళ్ళ నియమం. దీని గురించి మా ఇంట్లో ఎవరూ, ఎన్నడూ, కూర్చుని మాట్లాడలేదు. అమ్మ మాత్రం ముందురోజే దుకాణం నుంచి ఒక కిలో తెప్పించి, వేరే గిన్నెలో వండి, మూతపెట్టి గూట్లో ఉంచేది. అక్క వచ్చి తినేది. మేమంతా దాన్ని సామరస్యం అనుకున్నాం. ఆ సామరస్యానికి రెండో పొయ్యి వెలిగిస్తున్నది, రెండో గిన్నె తోముతున్నది డెబ్బై ఏళ్ళ అమ్మ అని ఎవరూ అనుకోలేదు.

ఒక ఏడు అమ్మకు జ్వరం. వేరే కూర తెప్పించడం ఎవరికీ గుర్తు లేదు. అక్క వచ్చి కూర్చుంది. “ఇది ఏ కూర అమ్మా?” అని అడిగింది. అమ్మ నా వైపు చూసింది. నేను నా భార్య వైపు చూశాను. “దుకాణం కూరే బిడ్డా” అన్నది అమ్మ. అక్క తిన్నది.

రెండేళ్ళు అది నా లోపల ముల్లులా ఉండిపోయింది. కిందటి సంవత్సరం దేవరకొండలో అక్క ఇంటికి వెళ్ళినప్పుడు చెప్పేశాను. అరుస్తుందనుకున్నాను. లేచి వెళ్ళి బైబిలు తెచ్చింది. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, పదో అధ్యాయం. అంగట్లో అమ్మేదాన్ని ఏమీ అడగకుండా తినమని పౌలు అక్కడ చెబుతాడు. ఎవరైనా ‘ఇది బలి అర్పించినది’ అని చెబితే మాత్రం తినవద్దంటాడు. రెండు వేల ఏళ్ళ కిందట కొరింథులో కూడా ఇదే కూర గొడవ ఉండేదన్నమాట! వాళ్ళ ఇళ్ళలోనూ ఒక అమ్మ ఉండే ఉంటుంది.

“అడగకపోతే నాకు తప్పు లేదు” అన్నది అక్క. “కానీ నేను అడిగాను కదరా. మీరందరూ కలిసి అబద్ధం చెప్పారు. తిన్నందుకు నాకు బాధ లేదు. మీరు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు చూడు, అది గుర్తొస్తే బాధ.”

అంటే ఆ రోజే ఆమెకు తెలుసు! తెలిసి తిన్నది, అమ్మ జ్వరంతో ఉన్నది కాబట్టి. మేము ఆమెను మోసం చేశామనుకుంటే, ఆమె మమ్మల్ని కాపాడింది. ఒక్క మాట అనుకుని ఉంటే ఇద్దరికీ ఆ అవసరం ఉండేది కాదు. “అక్కా, ఈసారి వేరే కూర లేదు, పెరుగన్నం తింటావా?” అని. పది పదాలు కూడా లేవు.

నాయన ఎవరివాడు

నాయన నాలుగేళ్ళ కిందట పోయాడు. చివరి పది రోజులు నల్లగొండలో ఒక ఆసుపత్రిలో ఉన్నాడు. పగలు అక్క, రాత్రి తమ్ముడు, మధ్యలో నేను. అక్క మంచం పక్కన కూర్చుని మెల్లగా పాడుతూ ప్రార్థన చేసేది. తమ్ముడు చెరువుగట్టు నుంచి విబూది తెచ్చి రాత్రి నుదుటికి రాసేవాడు. పొద్దున అక్క ముఖం తుడిచేటప్పుడు అది పోయేది. కావాలని తుడిచిందా, తడిగుడ్డతో అదే పోయిందా అని వాడు నన్ను అడిగాడు. నేను ఆమెను అడగలేదు. ఇప్పటికీ అడగలేదు.

నాయన పోయాక మొదలైంది అసలు సంగతి. చివరి రోజుల్లో నాయన తన చెయ్యి పట్టుకుని ఆమెన్ అన్నాడు కాబట్టి ప్రభువును ఒప్పుకున్నాడని అక్క. ఊపిరి ఆడక మూలిగితే అది ఆమెన్ అవుతుందా అని తమ్ముడు. మా వాళ్ళలో పూడ్చడమే ఆచారం కాబట్టి కట్టెలా, గుంటా అన్న గొడవ రాలేదు, అదొక్కటి మేలు. సమాధి మీద రాయి దగ్గర ఆగిపోయాం. వాడు నామాలు చెక్కించాలంటాడు. అక్క శిలువ అడగలేదు, నామాలు మాత్రం వద్దన్నది. రాయి మీద పేరు, రెండు తేదీలు ఉన్నాయి. పైన ఒక జానెడు జాగా నున్నగా ఖాళీగా ఉంది.

ఆ వాదనలో నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. “నిన్నమొన్న వచ్చిన విదేశీ మతం” అని తమ్ముడు అన్నప్పుడు నాలోని మాస్టరు నిద్ర లేచాడు. పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసన్, మరియా ఫ్రీసన్ అనే మెన్నొనైట్ (ప్రొటెస్టెంట్ క్రైస్తవుల్లో ఒక శాఖ) దంపతులు నల్లగొండకు వచ్చి మిషన్ నడిపారని, అదే మెన్నొనైట్ బ్రదరెన్ వాళ్ళు తర్వాత దేవరకొండ, వనపర్తి, నాగర్‌కర్నూల్ దాకా కేంద్రాలు పెట్టారని, ఆ చర్చిల్లో నాలుగైదు తరాలు గడిచాయని చెప్పాను. తమ్ముడు విన్నాడు. “అన్నా, నాయన గురించి అడుగుతుంటే రష్యా గురించి చెబుతావేమిటి?” అన్నాడు. అక్క కూడా తల ఊపింది. ఆ నెలలో వాళ్ళిద్దరూ ఏకీభవించింది అదొక్కదానితోనే.

ఇంకో రోజు వాడు కోపంలో, మతం మారినవాళ్ళకు పొలంలో వాటా ఎందుకని అన్నాడు. దీనికి మాత్రం చట్టం చెప్పక తప్పలేదు. మతం మారినంత మాత్రాన వారసత్వ హక్కు పోదని 1850లోనే ఇంగ్లీషువాళ్ళు చట్టం చేశారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 26వ సెక్షను, మారిన తర్వాత పుట్టిన పిల్లల గురించి మాట్లాడుతుంది తప్ప మారిన మనిషి వాటాను తీసేయదు. అక్క పిల్లలిద్దరూ అంతకు ముందే పుట్టారు. వాడికి ఇదంతా తెలుసనే నా అనుమానం. మాట ఎక్కడ మొదలై ఎక్కడికి చేరిందో చూడండి: నుదుటి మీది విబూది దగ్గర బయలుదేరి మూడెకరాల చెలక దగ్గర దిగింది. తోబుట్టువులు దేవుడి గురించి వాదించుకుంటున్నప్పుడు సగం సార్లు కింద ఇంకేదో ఉంటుంది. పొలం ఉంటుంది, లేదా ‘నాయనకు నేనంటేనే ఎక్కువ ఇష్టం’ అన్న పసిపిల్లల పోటీ ఉంటుంది. మా ఇంట్లో రెండూ ఉన్నాయి.

మాట్లాడటానికి వీలు ఉండాలి కదా

ఇక్కడిదాకా చదివి, సరే, అందరూ కూర్చుని తేడాలు ఒప్పుకుని మాట్లాడుకోవాలని నేను అంటున్నానని అనుకుంటారు. కొంతవరకు అంతే. కానీ నాతో పనిచేసే ఒక మాస్టరుకు ఈ మాట చెబితే ఆయన నవ్వాడు. వాళ్ళు దళితులు, నలుగురు అన్నదమ్ములు. అందరూ ఆదివారం ప్రార్థనకు వెళతారు. చిన్నవాడు బాప్తిస్మం తీసుకుంటానన్నప్పుడు పెద్దన్న అడ్డం పడ్డాడు. దేవుడి మీద కోపంతో కాదు, కుల ధ్రువపత్రం గురించి భయంతో.

1950 ఆగస్టులో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు మాత్రమే షెడ్యూల్డ్ కులాల కింద లెక్క. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మారినట్టు రాయించుకుంటే మన రాష్ట్రంలో బీసీ-సీ, అంటే వెనుకబడిన తరగతుల్లో సీ గ్రూపు కిందికి వస్తారు, దానికి ఉన్న రిజర్వేషను ఒక్క శాతం. “మీ అక్కకు కూర గురించి నిజం చెబితే బాధపడుతుంది, అంతే. మా తమ్ముడు నలుగురిలో నిజం చెబితే వాడి కూతురి సీటు పోతుంది. మా ఇంట్లో అన్నదమ్ములు కూడా ఒకరి దగ్గర ఒకరు ‘నేను క్రైస్తవుడిని’ అని గట్టిగా అనుకోరు, గోడలకు చెవులుంటాయని” అన్నాడాయన.

నా దగ్గర దీనికి జవాబు లేదు. ఊడ్చే పని, తోలు పని దేవుడు మారినా మారలేదని తెలిసి, కాగితం మీద మాత్రం దేవుడు మారగానే కులం మారినట్టు రాసుకునే లెక్క నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. కాబట్టి ఒప్పుకుంటాను: మౌనం కొన్ని ఇళ్ళలో పిరికితనం, కొన్ని ఇళ్ళలో పైకప్పు. మాది మొదటి రకం. మా కులానికి మతం మారినా పోయేదేమీ లేదు. అయినా మాట్లాడలేదంటే అది బద్ధకమే.

పాల పొంగు

గృహప్రవేశం సంగతి సగమే చెప్పాను. కొత్త ఇంట్లో పాలు పొంగించాల్సింది ఆడబిడ్డ. తమ్ముడు మూడు రోజుల ముందు నుంచి నన్ను పీకుతున్నాడు: అక్క చేస్తుందా, లేకపోతే చిన్నాన్న కూతురిని పిలవాలా? నువ్వే అడుగు అన్నాను. వాడు ఫోను చేశాడు. నేను పక్కనే ఉన్నాను. సువార్త గురించి కానీ సనాతనం గురించి కానీ ఒక్క మాట రాలేదు.

“పాలు పొంగిస్తావా అక్కా?”

“పొంగిస్తాను. పొయ్యికి పసుపూ బొట్టూ నేను పెట్టను.”

“అవి మా ఆవిడ పెడుతుంది. వ్రతంలో కూర్చుంటావా?”

“కూర్చోను. వంటవాళ్ళ దగ్గర ఉంటాను.”

“కట్నం చీర తీసుకుంటావా?”

“దానికి ఏ దేవుడూ అడ్డం రాడు.”

అంతే. తెల్లవారుజామున నాలుగున్నరకు అక్క పాలు పొంగించింది. వ్రతం జరుగుతున్నంతసేపు వెనక వసారాలో వెల్లుల్లి ఒలిచింది. ఎవరికీ ఇబ్బంది కలగలేదు. అది మూడు నిమిషాల ఫోను సంభాషణతో సాధ్యమైంది. పది గంటలకు వచ్చిన చిన్నాన్నకు ఈ ఒప్పందం తెలియదు, పాపం. ఆయన మంచి మనసుతో పెద్ద మాట అన్నాడు. చిన్న మాటలు కుట్టిన చోటును పెద్ద మాట చింపింది. తమ్ముడు లోపలికి వెళ్ళింది అక్క మీద కోపంతో అనుకున్నాను. “అంతా కుదిరింది అనుకుంటే చిన్నాన్న కెలికాడు” అన్నాడు తర్వాత. వాడిని నేనూ తక్కువగానే అంచనా వేస్తున్నానేమో.

ఆ రోజు సాయంత్రం చుట్టాలు వెళ్ళిపోయాక నలుగురం మిగిలాం. రాయి మీది ఖాళీ జాగా నా కళ్ళముందు ఉంది. అమ్మను అడిగేశాను, రేపు నీకు ఏమైనా అయితే ఎలా చేయాలో ఇప్పుడే చెప్పమని. తమ్ముడు “శుభమా అని ఇంట్లోకి దిగిన రోజు ఇదేమిటి?” అని కసిరాడు. అమ్మ మాత్రం ఎవరైనా ఎప్పుడు అడుగుతారా అని చూస్తున్నట్టు చెప్పుకుపోయింది. నాయన పక్కనే పెట్టాలి. డప్పు ఉండాలి. అక్క పాడతానంటే పాడనివ్వాలి, డప్పు ఆగినప్పుడు. రాయి మీద ఏమి రాసినా తనకు చదువు రాదు కాబట్టి పట్టింపు లేదు. అంతా సజావుగా సాగుతోందనుకుంటుండగా, “ఒక్క బాకీ ఉంది” అన్నది.

జాన్‌పహాడ్‌లో మొక్కుకున్నప్పుడు పేరుతో పాటు కందూరు కూడా మొక్కిందట. వీడి పెళ్ళప్పుడు చేద్దామంటే వీడే ఒప్పుకోలేదు. అలా ఉండిపోయింది. ఆ బాకీతో పోనని, వచ్చే జనవరిలో ఉర్సుకు యాటను తీసుకెళ్ళాలని అమ్మ అన్నది.

అక్కా తమ్ముడూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరికీ ఒకేసారి కుదరనిది మా అమ్మ భలే వెతికి పట్టుకుంది. అక్క చాలాసేపటికి, “నేను రాలేను అమ్మా. నీ మందులు సర్ది ఇస్తాను. ఆ రోజు ఇంటి దగ్గర ఉండి తమ్ముడి పిల్లలను చూసుకుంటాను” అన్నది. తమ్ముడు ఏమీ అనలేదు. లేచి కొత్త గోడకు ఆనుకుని నిలబడ్డాడు, సున్నం చొక్కాకు అంటుతోందని కూడా చూసుకోలేదు.

“బండి నేను నడుపుతాను. బయటే ఉంటాను” అన్నాడు చివరికి. కొంచెం ఆగి, నన్ను అడిగాడు: “ఇప్పుడు యాట ఎంత పడుతుంది అన్నా?”